శిశువు కొలతలో తరగతిగది

నాలుగేండ్ల బిడ్డ నిలువెత్తు సుమారు ఒక మీటరు. వాని కన్నులు నేలనుండి 90 సెంటీమీటర్లకు కొంచెము పైనో క్రిందనో యుండును. ఆ యెత్తునుండి చూచునప్పుడు మనము బడిగది యని పిలుచుకొను ప్రదేశము మనకు కనుపించు తీరున వానికి కనుపింపదు. నల్లబల్ల వాని తలకు పైన నెక్కడనో యుండును; గోడకు వ్రేలాడు అక్షరమాలాపటము మెడ వెనుకకు వాల్చినగాని చూపున కందదు; కిటికీగట్టు వాని నుదుటిని దాటి యుండుటచే వెలుపలి చెట్టునకు మారుగా ఆకాశపు ముక్క మాత్రమే కంటబడును; తలుపుగడియ చేతి కందదు; బెంచీమీద కూర్చున్నచో పాదములు నేల నంటక వ్రేలాడుచుండును. ఆ గదిలోని ప్రతివస్తువును ఎవరో పెద్దవారి కొలతను మనస్సునం దుంచుకొని చేసినదే గాని, అందులో దినమునకు నాలుగైదు గంటలు గడపవలసిన వాని కొలత నెవరును తీసినట్లు తోచదు.

పెద్ద తరగతుల గది నొకదానిని ఖాళీచేయించి, గోడలనిండ రంగుల బొమ్మలు వేయించి, గుమ్మమున కొక ఎల్.కె.జి. బోర్డు తగిలించుటతో శిశువిద్యాలయ మేర్పడినట్లు భావించుట మన పట్టణములలోనే కాక పల్లెలలోను సర్వసాధారణమైపోయినది. అయితే శిశువు పెద్దవానికి తగ్గింపు ప్రతి కాడు. వాని యెముకలు, వాని చెవి, వాని చూపు, వాని యవధానము, ఇవన్నియు పెరుగుదలలో మరియొక దశయం దున్నవి. ఆ దశకు తగిన గది యెట్టిదో నిర్ణయించుటకు రెండు శతాబ్దుల యనుభవమును, ఇటీవలి ప్రయోగములును మనకు చాలినంత సామగ్రి నిచ్చియున్నవి. గది పాఠమునకు ఆవరణము మాత్రమే యనుకొనుచున్నంత కాలము ఈ సామగ్రి యంతయు నిరుపయోగముగానే యుండును. ఏలయన, ఐదేండ్లలోపు బిడ్డకు గదియే మొదటి పాఠము.

ఈ యాలోచనకు ఆద్యుడు జర్మనీ దేశస్థుడగు ఫ్రీడ్రిక్ ఫ్రోబెల్. తూరింగియా ప్రాంతమున ఒక క్రైస్తవ మతాచార్యునికి 1782లో జన్మించి, తొమ్మిది నెలల వయస్సుననే తల్లిని కోల్పోయి, యౌవనమున అడవుల పర్యవేక్షణ నేర్చి, స్విట్జర్లాండులోని ఇవర్డాన్ నగరమున పెస్టలోజీ మహాశయుని చెంత విద్యాబోధనమును, పిమ్మట బెర్లినులో స్ఫటికశాస్త్రమును అభ్యసించిన యీతడు, 1837లో బాడ్ బ్లాంకెన్‌బుర్గ్ అను చిన్న పట్టణమున బడియీడు రాని పిల్లలకొరకు ఒక సంస్థను నెలకొల్పి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. ఆయన పిల్లల చేతికిచ్చిన ఆటవస్తువులను చూచినచో స్ఫటికముల నధ్యయనము చేసిన చూపు స్పష్టముగా గోచరించును: మొదట ఆరు రంగుల ఉన్నిబంతులు, పిమ్మట కొయ్యతో చేసిన గోళము, స్తూపము, ఘనము, ఆ పిమ్మట ఎనిమిది చిన్న ఘనములుగా విడదీసి మరల కూర్చదగిన యొక ఘనము. గదికి చేరువనే తోట. అందులో ప్రతి బిడ్డకును వేర్వేరుగా ఒక మడి, అందరికిని కలిపి మరికొన్ని మడులు. ఇట్టి నిరపాయమైన సంస్థను 1851లో ప్రష్యా ప్రభుత్వము నాస్తికతను బోధించుచున్నదని నిషేధించెను. ఆ నిషేధము తొలగింపబడిన 1860 నాటికి ఫ్రోబెల్ కాలధర్మము నొంది ఎనిమిదేండ్లయినది. అంతకన్న విచారకరమైన విషయ మేమనగా, ఆయన యనుయాయులలో పలువురు ఆ యాటవస్తువులను క్రమశిక్షణా సాధనములుగా మార్చివేసిరి. అంగుళపు గళ్ళు గీసిన బల్లల యెదుట వరుసగా కూర్చుండి, ఉపాధ్యాయిని యాజ్ఞ ననుసరించి అందరును ఒకేసారి కాగితము మడచుట, ఒకేసారి ఘనములు పేర్చుట జరిగెను. వస్తువు మిగిలినది, దానిని ఎన్నుకొను స్వేచ్ఛ పోయినది.

ఆ స్వేచ్ఛను మరల గదిలోనికి తెచ్చినది మరియా మాంటిస్సోరి. 1907 జనవరి 6వ తేదీన రోమునగరపు సాన్ లొరెంజో అను పేదవాడలో, తలిదండ్రులు కూలిపనికి పోవగా మెట్లమీదను నడవలలోను తిరుగుచు గోడలను పాడుచేయుచున్న పిల్లలకొరకు, ఆ గృహసముదాయపు యజమానుల కోరికపై ఆమె యొక శిశుగృహమును తెరచెను. వైద్యురాలగుటచే ఆమె మొదట చూచినది పిల్లల శరీరములను. ఆనాటి విద్యావేత్తలు మిక్కిలి శ్రద్ధతో రూపొందించిన బెంచీ, బిడ్డ కదలకుండ కాళ్ళను నడుమును బిగించిపట్టునదై, వెన్నెముక వంకరపోకుండుటకే చేసినదని చెప్పబడుచుండెను. కదలనీయకుండుటయే వెన్నెముక వంకరకు మూలమని ఆమె వాదించెను. కావున ఒక బిడ్డ లేక యిద్దరు బిడ్డలు ఎత్తి మోయగల తేలిక బల్లలు, చిన్న కుర్చీలు, మూడేండ్ల వాని చేతి కందు నీళ్ళతొట్లు, గోడపొడవునను పొట్టి నల్లబల్లలు చేయించెను. ఇక పొట్టి బీరువాల వృత్తాంతము మరింత విశేషమైనది. మొదట్లో పరికరములు పెద్ద బీరువాలో తాళము వేసి యుండెడివి. ఏ బిడ్డ కేమి కావలెనో ఉపాధ్యాయిని తీసి యిచ్చెడిది. ఒకనా డామె తాళము వేయుట మరచిపోయి ఆలస్యముగా వచ్చుసరికి, పిల్లలు తలుపు తెరచి ఎవరికి కావలసినది వారు తీసికొని పనిలో నిమగ్నులై యుండిరి. ఉపాధ్యాయిని దానిని దొంగతనముగా భావించినది; మాంటిస్సోరి మాత్రము పిల్లలకు వస్తువులన్నియు పరిచితములైనవనియు, ఇక తమంతట తామే ఎన్నుకొనగలరనియు గ్రహించి, తలుపులు లేని పొట్టి అరలను పెట్టించెను. నేటికిని ఒక శిశుతరగతి యోగ్యతను తెలిసికొనుటకు నేను మొదట చూచునది ఈ యొక్క విషయమే: ఆటవస్తువులు బీరువాపైన అట్టపెట్టెలలో నున్నవా, లేక బిడ్డ చేతి కందు అరలో నున్నవా?

శరీరమునకు సంబంధించిన లెక్కలు నేడు మరింత నిర్దిష్టముగా నున్నవి. ఐరోపా దేశములు పాటించు పాఠశాలా సామగ్రి ప్రమాణము ననుసరించి 93 మొదలు 116 సెంటీమీటర్ల యెత్తుగల పిల్లలకు కుర్చీపీట నేలనుండి 26 సెంటీమీటర్లు, బల్ల 46 సెంటీమీటర్లు ఉండవలెను; 108 మొదలు 121 సెంటీమీటర్ల వారికి పీట 31, బల్ల 53. పెద్దల కుర్చీ సుమారు 45 సెంటీమీటర్లు గనుక, మన బడులలో చిన్నపిల్లలను కూర్చుండబెట్టు బెంచీలు వారికెంత దూరమైనవో ఊహింపవచ్చును. పాదములకు ఆధారము లేనప్పుడు తొడల వెనుక భాగము బెంచీ యంచున ఒరసికొనును. మొండెము నిలకడ తప్పును. మొండెము నిలువనిదే భుజము నిలువదు, భుజము నిలువనిదే వ్రేళ్ళు సూక్ష్మమైన పని చేయజాలవు. పిల్లవాడు అక్షరము వంకరగా వ్రాయుచున్నాడని మందలించు ముందు వాని కాళ్ళక్రింద నేమున్నదో చూచుట న్యాయము. ఈ విషయమున మన చాపయు పీటయు విదేశపు కుర్చీకి తీసిపోవు. పైపెచ్చు నేలమీద కూర్చున్న బిడ్డ బాసిపట్లు వేసికొనుటకును, గొంతుకూర్చుండుటకును, మోకాళ్ళపై నిలుచుటకును, బోర్లపడుకొనుటకును వీలు కలదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క చిన్న చాప యిచ్చినచో పనిచేయు చోటునకు ఎల్లయు ఏర్పడును; ఇతరులు దానిని తొక్కక చుట్టు తిరిగి పోవుట బిడ్డ కొలది దినములలోనే నేర్చుకొనును. మూడు నాలుగేండ్ల పిల్లలకు దినమునకు కనీసము 180 నిమిషముల శారీరక చలన ముండవలెననియు, అందులో 60 నిమిషములైనను ఆయాసము కలిగించునదై యుండవలెననియు, ఒక్క పెట్టున గంటకు మించి కదలనీయక యుంచరాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో సూచించినది. పలకమీద కన్ను త్రిప్పక గంటల తరబడి కూర్చున్న బిడ్డను బుద్ధిమంతుడని మెచ్చుకొను మన యలవాటున కిది పూర్తిగా విరుద్ధము.

చేతి విషయము మరింత శ్రద్ధగా పరిశీలింపదగినది. మనుష్యుని మణికట్టులో ఎనిమిది చిన్న యెముకలు కలవు. పుట్టిననాడు అవి యన్నియు మృదులాస్థి రూపముననే యుండును. మొదటి రెండును కొలది మాసములలో గట్టిపడ మొదలిడగా, తక్కినవి సంవత్సరముల తరబడి ఒకటి తరువాత నొకటి యెముకగా మారుచు వచ్చును. కట్టకడపటిది ఎనిమిదేండ్లు దాటిన పిమ్మటగాని సాధారణముగా కానరాదు. నాలుగేండ్ల బిడ్డ చేతిని ఎక్స్‌రే తీసినచో మణికట్టుండవలసిన చోట ఖాళీలు కనుపించుటకు కారణ మిదియే. ఇట్టి చేతికి సన్నని గీతల మధ్య సన్నని అక్షరములను పేజీలకు పేజీలు దిద్దుట సహజమైన పని కాదు. సహజమైన పనులు వేరే కలవు: తడిమట్టిని పిసుకుట, పిండిముద్దను ఒత్తుట, చెంబునుండి గిన్నెలోనికి నీరు వంచుట, పూసలు గుచ్చుట, చిక్కుడుకాయల యీనెలు తీయుట, బట్టలు మడచుట. ఈ పనులు చేయుటచే భుజము, మోచేయి, మణికట్టు, వ్రేళ్ళు వరుసగా బలపడును. పెన్సిలు పట్టుటకు కావలసిన మూడువ్రేళ్ళ పట్టు నాలుగు మొదలు ఆరేండ్ల మధ్య మెల్లగా స్థిరపడును. మన పాత వీధిబళ్ళలో బెత్తము మొదలగు అనేక దోషములుండినను, పిల్లవానికి మొదట కలము నీయక ఇసుక పరచి వ్రేలితో దిద్దించుట మాత్రము శరీరధర్మమునకు తగినదే. అక్షరము పెద్దదిగా నుండును, చేయి మొత్తము కదలును, తప్పు పోయినచో అరచేతితో తుడిచివేయవచ్చును. మాంటిస్సోరి గరుకుకాగితపు అక్షరములను వ్రేలితో తడవించుటలోని సూత్రమును దీనికి దూరమైనది కాదు.

ఇక చెవి. గది యోగ్యతను నిర్ణయించుటలో అందరును ఉపేక్షించునది యిదియే; కావున దీనిని గూర్చి కొంత విపులముగా చెప్పవలసి యున్నది. ‘పాట’ యను మాటకును ‘బాట’ యను మాటకును గల భేదము, పెదవులు విడివడు క్షణమునకును కంఠనాదము మొదలగు క్షణమునకును నడుమ నున్న యెడములో కలదు. ఆ యెడము సెకనులో కొన్ని నూరవ వంతులు మాత్రమే. సిమెంటు నేల, సిమెంటు గోడలు, సిమెంటు పైకప్పు గల గదిలో ఒక శబ్దము గోడలపై తట్టుకొని తిరిగి తిరిగి వచ్చుచు రెండవ శబ్దముపై పడును. బలమైన అచ్చులధ్వని బలహీనమైన హల్లులను కప్పివేయును. పెద్దవాడు సగము మాట వినినను మిగిలిన సగమును తన భాషానుభవముచే పూరించుకొనును. నాలుగేండ్ల బిడ్డకు పూరించుకొనుటకు తగిన భాషానిధి యింకను కూడలేదు, ఆ నిధిని కూడబెట్టుటకే వాడు బడికి వచ్చినాడు. అందుచే ఒకే గదిలో ఒకే మాటను ఉపాధ్యాయిని విన్నట్లు బిడ్డ వినడు. పాఠము జరుగు వేళ తరగతిగదిలో నేపథ్యశబ్దము 35 డెసిబెల్‌లకు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ సూచన. రహదారి ప్రక్క నున్న మన బడిలో బస్సు హారన్లు, నెత్తిమీద ఫ్యాను, ప్రక్క తరగతి యెక్కములు కలిసి దానికెంత దూరము పోవునో చెప్పనక్కరలేదు.

దీని ఫలితము దీర్ఘకాలమునకు ఎట్లుండునో న్యూయార్కు నగరమున 1975లో బ్రాన్‌జాఫ్ట్, మెకార్తీ యను పరిశోధకులు ప్రకటించిన పరిశీలన స్పష్టముగా చూపినది. ఒక ప్రాథమిక పాఠశాలకు ప్రక్కనే వంతెనమీదుగా పోవు రైలుమార్గ ముండెను. ఒక ప్రక్క తరగతులకు రైలు రొద నేరుగా సోకుచుండగా రెండవ ప్రక్క తరగతులు నిశ్శబ్దముగా నుండెను. రొద ప్రక్కన చదివిన ఆరవ తరగతి పిల్లలు చదువుటలో రెండవ ప్రక్క వారికన్న సుమారొక యేడాది వెనుకబడి యుండిరి. పిమ్మట రైలుపట్టాల క్రింద రబ్బరు మెత్తలు వేసి, తరగతుల పైకప్పునకు శబ్దమును పీల్చు పలకలు బిగించిన తరువాత జరిపిన రెండవ పరిశీలనలో ఆ భేదము మాసిపోయినది. పుస్తకము మారలేదు, ఉపాధ్యాయుడు మారలేదు. మారినది పట్టాలక్రింది మెత్తయు, కప్పుక్రింది పలకయు. ఇందుకు మన బడులలో ధనవ్యయ మంతగా అక్కరలేదు: కొబ్బరిపీచు చాపలు, గుడ్డ తెరలు, వెదురుతడికలు, గోడ కానించిన పుస్తకాల అర, ఇవన్నియు ధ్వనిని పీల్చుకొనును. ధ్వనిని మెత్తబరచిన గదిలో పిల్లలును కేకలు తగ్గించుదురు, ఏలయన తమ మాట తమకు వినబడును.

గోడలను గూర్చి చెప్పునప్పుడు నా యభిప్రాయము చాలమందికి రుచింపకపోవచ్చును. ఖాళీగా కనుపించిన ప్రతి గజమును బొమ్మలతో నింపుట శిశుప్రీతికి చిహ్నమని మనము నమ్ముచున్నాము. 2014లో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయమునకు చెందిన అన్నా ఫిషర్, ఆమె సహచరులు ఈ నమ్మకమును పరీక్షకు పెట్టిరి. 24 మంది కిండర్‌గార్టెన్ పిల్లలకు ఆరు చిన్న విజ్ఞానపాఠములను, మూడింటిని పటములతో నిండిన గదిలోను, మూడింటిని గోడలు దాదాపు శూన్యముగా నున్న గదిలోను బోధించిరి. నిండిన గదిలో పిల్లల యవధానము పాఠమును వీడి పోయిన కాలము 38.6 శాతము, శూన్యపు గదిలో 28.4 శాతము. పాఠానంతరమున అడిగిన ప్రశ్నలకు సరియైన జవాబులు మొదటి గదిలో 42 శాతము, రెండవ గదిలో 55 శాతము. ప్రయోగము చిన్నదే యైనను దాని కారణము మనకు తెలిసినదే: అక్కరలేనిదానినుండి చూపును మరల్చుకొను శక్తి మెదడులో నుదుటి వెనుకనున్న భాగముపై ఆధారపడియున్నది, ఆ భాగము ఇరువది యేండ్లు దాటువరకును పరిణతి చెందుచునే యుండును. అయితే తెల్లగోడల కారాగారమును కట్టుమని దీని యర్థము కాదు. 2015లో సాల్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఇంగ్లండులోని 27 ప్రాథమిక పాఠశాలలలో 153 గదులను పరిశీలించి, గోడల అలంకరణము మితిమీరినను పూర్తిగా లోపించినను నష్టమే యనియు, నడిమి స్థితియే మేలనియు కనుగొనిరి. కావున గోడలో సగమైనను ఖాళీగా విడువవలెను. మిగిలిన భాగమున పిల్లలు తమచేతితో వేసిన బొమ్మలను, తెచ్చిన ఆకులను, వారి కంటి యెత్తున అంటింపవలెను. కొలది వారములకు వానిని మార్చుచుండవలెను. అంగడినుండి కొనితెచ్చిన పాశ్చాత్య కార్టూను బొమ్మ ఏడాది పొడవున గోడనుండి నవ్వుచుండుటలో బిడ్డకు కలుగు లాభమేమియు నాకు కానరాదు.

అదే సాల్‌ఫర్డ్ పరిశీలన, పిల్లల అభ్యాసప్రగతిలోని తారతమ్యములో 16 శాతము గదియొక్క భౌతికలక్షణముల వలననే కలుగుచున్నదని లెక్కకట్టి, వెలుతురు, ఉష్ణము, గాలి యను వానికి అగ్రస్థాన మిచ్చినది. వెలుతురు విషయమున గది యెంత మంచిదైనను ఆరుబయటికి సాటిరాదు. చైనాలోని గ్వాంగ్జౌ నగరమున 12 పాఠశాలలలో ఆరేడేండ్ల పిల్లలపై జరిపిన ప్రయోగము 2015లో ప్రకటితమైనది: దినమునకు 40 నిమిషములు అదనముగా వెలుపల గడపిన పిల్లలలో మూడేండ్లలో హ్రస్వదృష్టి కలిగినవారు 30.4 శాతము, అట్లు గడపనివారిలో 39.5 శాతము. తరగతికి ఆనుకొని యొక పంచయు, పంచనుండి దిగినచో నీడగల వాకిలియు నుండుట అలంకారము కాదని దీనివలన తేలుచున్నది. తలుపు ఎల్లవేళల తెరచియుండి, బిడ్డ లోపలికిని వెలుపలికిని తనంతట తానే పోవచ్చునట్లున్న గదియే ఉత్తమము.

ఆటలకొరకు గదిని విభజించుటలో అనుభవము గల ఉపాధ్యాయినులు చూపు నేర్పు మెచ్చదగినది. గది నడుమ పొడవైన ఖాళీ విడిచినచో పిల్లలు పరుగెత్తుదురు. వారిని పరుగెత్తవద్దని దినమంతయు కేకలు వేయుటకన్న ఆ ఖాళీకి అడ్డముగా ఒక పొట్టి అరను జరుపుట మేలు. షెఫీల్డు నగరమున పీటర్ స్మిత్, కెవిన్ కనోలీ జరిపి 1980లో ప్రకటించిన పరిశీలనలలో, ఒక్కొక్క బిడ్డకు లభించు నేల 15 చదరపు అడుగులకు తగ్గినప్పుడు పిల్లలమధ్య కొట్లాటలు పెరిగినవి. ఇది తెలిసినచో, అల్లరిపిల్లలని మనము ముద్రవేసినవారిలో కొందరి యల్లరికి కారణము స్వభావము కాక గది వైశాల్యమే యని యంగీకరింపవలసి వచ్చును.

గదిని ఇట్లు అరలతో విభజింపగా ఏర్పడు ఆటమూలలలో దిమ్మెల మూలకు నేను మొదటి పీట వేయుదును. న్యూయార్కులో కరొలైన్ ప్రాట్ అను నామె రూపొందించిన కొయ్యదిమ్మెలలో మందము ఒక వంతైనచో వెడల్పు రెండు వంతులు, పొడవు నాలుగు వంతులు. తక్కిన పరిమాణములన్నియు దీనికి సగములో రెట్టింపులో యగుటచే, రెండు దిమ్మెలు ఒక పెద్ద దిమ్మెకు సరిపోవుట బిడ్డ చేతితోనే కనుగొనును. ఒక బాలవాడిలో నాలుగేండ్ల పిల్ల యొకతె రెండు దిమ్మెలను నిలువబెట్టి వానిపై మూడవదానిని అడ్డముగా పరువబోయినది. ఎడము ఎక్కువ, దిమ్మె నడుమ పడిపోయినది. ఆమె దానిని తీసి అదేచోట మరింత గట్టిగా ఒత్తి పెట్టినది, మరల పడినది. అప్పుడు తల ప్రక్కకు వాల్చి రెండు స్తంభముల నడుమనున్న ఖాళీని చూచి, లేచిపోయి అరలోనుండి పొడవైన దిమ్మెను తెచ్చినది, అది నిలిచినది. ప్రక్కనున్న చెలికత్తె పొడవైన దిమ్మెలు తనకు కావలెనని లాగికొనగా, ఈ పిల్ల కొంతసేపు ముఖము ముడుచుకొని కూర్చుండి, పిమ్మట ఒక స్తంభమును రెండవదాని వైపునకు జరిపి మొదటి పొట్టిదిమ్మెనే దానిపై పెట్టినది. దూరమును తగ్గించుటయు పొడవును పెంచుటయు ఒకే ఫలితము నిచ్చునని ఆమె కనుగొన్నది. ఉపాధ్యాయిని నోరు మెదపలేదు. అరమీద దిమ్మెలు పొడవులవారీగా పేర్చి యుండుటయు, ఎవరి దారికిని అడ్డురాని మూలలో ఆమెకు చోటు దొరకుటయు, కట్టడము పూర్తియగువరకు గంట మ్రోగకుండుటయు లేనిచో ఆ యన్వేషణము మొదటి పతనముతోనే ముగిసి యుండెడిది. హారియట్ జాన్సన్ అను విద్యావేత్త 1933లో వర్ణించిన దిమ్మెలాట క్రమములో ఈ వంతెన ఒక మెట్టు మాత్రమే: ముందు దిమ్మెలను మోయుటయు, పేర్చుటయు, పిదప వంతెన, పిదప ప్రహరీ, చివర ఇల్లు, ఊరు. ఇట్టి దిమ్మెలను మన వడ్రంగులు మామిడిచెక్క ముక్కలతోనే సునాయాసముగా చేయగలరు. అంచులను నునుపు చేయించుటయు, కొలతలు తప్పకుండ చూచుటయు మాత్రమే ముఖ్యము.

రెండవది ఇల్లాట మూల. లక్కపిడతలతో గుజ్జనగూళ్ళు వండిన బాల్యము మన యిండ్లలో క్రొత్తది కాదు. ఏటికొప్పాక కళాకారులు అంకుడుకర్రను తరిణిపట్టి, లక్కతోను ప్రకృతిసిద్ధమైన రంగులతోను నిగారింపు తెచ్చిన పిడతలు నోట పెట్టుకొను వయస్సు బిడ్డకు ఈనాటి చవుక ప్లాస్టిక్కు కంటె ఎంతయో సురక్షితములు. ఈ యాటలోని లోతును రష్యా దేశపు మనోవిజ్ఞానులు బాగుగా గ్రహించిరి. మనుయిలెంకో యను పరిశోధకురాలు 1948లో ప్రకటించిన ప్రయోగమున, కదలకుండ నిలువుమని యాజ్ఞాపింపబడిన పిల్లలు శీఘ్రముగనే కదలిపోయిరి. కాపలాభటుని వేషము ధరించి ఆటలో నిలిచిన పిల్లలు అంతకంటె ఎంతయో ఎక్కువసేపు కదలక నిలిచిరి. భటుడు కదలరాదను నియమమును వారికి ఎవరును విధింపలేదు. ఆ పాత్రయే విధించినది. అమ్మ వేషము వేసిన పిల్ల తనకు ఆకలియైనను ముందు బొమ్మకు పెట్టును. తన్ను తాను నిగ్రహించుకొను శక్తికి ఇంతకుమించిన అభ్యాసశాల యేదియు నాకు తెలియదు. ఐనను మన బడులలో ఈ మూల మొట్టమొదట తొలగింపబడుచున్నది, వర్క్‌బుక్కులకు చోటు చాలదను కారణమున.

ఈ భావములు మన దేశమునకు ఆలస్యముగా వచ్చినవి కావు. భావనగరమున గిజుభాయి బధేకా 1920లోనే బాలమందిరమును తెరచెను. మాంటిస్సోరి స్వయముగా 1939లో మద్రాసునకు వచ్చి, అడయారు దివ్యజ్ఞానసమాజపు ఆవరణలో ఉపాధ్యాయశిక్షణము ప్రారంభించి, యుద్ధకారణమున 1946 వరకు ఈ దేశముననే నిలిచిపోయెను. ఆమె చెంత శిక్షణము పొందినవారు దేశమునలుమూలలకు పోయి బడులు పెట్టిరి. కాని ఆ పద్ధతి చాలకాలము కలిగినవారి పిల్లలకే దక్కినది. ఆ చెక్కపరికరముల ఖరీదును భరింపగల పేదవాడ యేది? ఈ ప్రశ్నకు సమాధానము వెదకినవారు తారాబాయి మోడక్, ఆమె సహచరి అనుతాయి వాఘ్. మహారాష్ట్రలోని బొర్డీ, కోస్‌బాడ్ గ్రామములలో వారు బడిని పిల్లల వాకిలికే తీసికొనిపోయిరి. గులకరాళ్ళు, గవ్వలు, ఆకులు, గింజలు ఇవియే పరికరములు. పశువులు కాయు పిల్లలకొరకు పచ్చికబయళ్ళలో సైతము బడి నడపిరి. గిరిజనుల యింటిముంగిట వారు నడపిన ఆ బడికి పెట్టిన పేరే నేడు దేశమంతట వ్యాపించిన అంగన్‌వాడీ. 1975 అక్టోబరు 2వ తేదీన 33 ప్రాజెక్టులతో ప్రారంభమైన సమగ్ర శిశు అభివృద్ధి పథకము ఆ పేరును ప్రతి పల్లెకును చేర్చినది. 2020 జాతీయ విద్యావిధానము మూడు మొదలు ఎనిమిదేండ్ల వయస్సును ఒకే పునాది దశగా గుర్తించి, అందులో ఆటకు ప్రాధాన్య మీయవలెనని చెప్పినది.

విధానము కాగితముపై నున్నది. గది యొక అద్దెయింటిలో నున్నది. ఆంధ్ర తెలంగాణములలో మార్చి నెల వచ్చుసరికి రేకుల కప్పు క్రింద మధ్యాహ్నము బిడ్డలు నిద్రింపజాలరు. కప్పుపై తెల్లసున్నము పూయించుట, వాకిట తాటాకుపందిరి వేయించుట, ఎదురెదురుగా కిటికీలు తెరచియుంచుట, ఇవి చేయవలసిన మొదటి మరమ్మతులు. రంగులబొమ్మల వంతు వీని తరువాతనే. తెలంగాణ ప్రభుత్వము 2023లో చల్లని పైకప్పులను గూర్చి యొక విధానమునే ప్రకటించియున్నది. దాని ప్రయోజనము మొట్టమొదట చేరవలసినది పసిబిడ్డలు నిద్రించు గదులకే.

మరుగుదొడ్డిని గూర్చి విద్యావ్యాసములలో వ్రాయుట మర్యాద కాదని కొందరు తలంచుచున్నారు గాని, మూడేండ్ల బిడ్డ దినచర్యలో దానికన్న పెద్ద పరీక్ష లేదు. పెద్దల కొలతకు కట్టిన దొడ్డిలో గుంట వెడల్పును చూచి భయపడి, చీకటిని చూచి భయపడి, గొళ్ళెము తీయుట చేతకాక, బిడ్డలు మూత్రమును మలమును బిగబట్టుకొందురు. మలబద్ధము, మూత్రసంబంధమైన వ్యాధులు, బడి యన్న యేడుపు ఇందుండియే కలుగుచున్నవి. చిన్న గుంట, వెలుతురు వచ్చు కిటికీ, లోపల గొళ్ళెము లేని సగపు తలుపు, తరగతినుండి పదియడుగుల దూరము, బిడ్డ మొలయెత్తున కుళాయి, ఆ ప్రక్కనే వాని యెత్తున చిలుకకొయ్యకు వాని తువాలు: ఇంతే కావలసినది. మోకాలియెత్తు అరుగుమీద మంచినీళ్ళకుండయు, ముంచుకొనుటకు పిడిగల గ్లాసును పెట్టినచో బిడ్డ దాహము తానే తీర్చుకొనును. ఇరువదిముప్పది మంది పిల్లలను ఒక్కతెయే చూచుకొనుచు, వంట, తూకము, రికార్డులు అన్నియు నిర్వహించు అంగన్‌వాడీ టీచరునకు, కుళాయి త్రిప్పుటకు, నీళ్ళిచ్చుటకు, చెప్పులు తీసియిచ్చుటకు పోవు కాలమంతయు ఇట్లు మిగులును. ఆ మిగిలిన కాలములో ఆమె ఐదారుగురు పిల్లలను చాపమీద చుట్టును కూర్చుండబెట్టుకొని, వారి ముఖములు చూచుచు, వారి ప్రశ్నలకు ఆగుచు, ఒక కథను పూర్తిగా చెప్పగలదు.